నేను చదవని రష్యన్ పేపరు

రిటైరైన రోజు శాలువా కప్పి, దండ వేసి, నా గురించి ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. వాళ్లు పొగిడిన ఆ మహానుభావురాలు ఎవరో నాకే తెలియలేదు. సభ అయ్యాక డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు దగ్గరకొచ్చి, "మేడం, మేమూ ప్లాస్మా మీద పని చేద్దామనుకుంటున్నాం, ఏమైనా చెప్పండి" అన్నారు. ఫొటోల గొడవలో బాగా కష్టపడండమ్మా అని ఏదో అనేశాను. ఉత్త మాట. నిజంగా చెప్పవలసింది ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్లు, సర్క్యులర్లు, ఇన్‌స్పెక్షన్లు ఇందులో ఉండవు. అవి ఎవరూ నేర్పకుండానే వస్తాయి.

పని అంటే ఏమిటి

మాది సాలూరు. నాన్న లారీ డ్రైవరు. బాప్టిస్టు చర్చిలో ఆదివారం బడి, తర్వాత మిషన్ స్కూలు, తర్వాత స్కాలర్‌షిప్పులు. విజయనగరం ఊరి బయట ఒక కాలేజీలో ముప్పై ఏళ్లకు పైగా ఫిజిక్స్ చెప్పాను. పాఠాలు చెప్పడం జీతం కోసం. ప్రాణం పెట్టింది మాత్రం ఒక మిషను మీద.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. సూర్యుడు మండేది ఫ్యూజన్ వల్ల. తేలికైన రెండు పరమాణు కేంద్రకాలు కలిసి ఒకటైతే బోలెడు శక్తి పుడుతుంది. భూమ్మీద అవి కలవాలంటే వాయువుని ఊహకందనంత వేడి చేయాలి. అలా వేడెక్కిన వాయువుని ప్లాస్మా అంటాం. దాన్ని ఏ పాత్రలోనూ పోసి ఉంచలేం, గోడ తగిలిందంటే చల్లారిపోతుంది. అందుకని అయస్కాంత బలంతో చుట్టూ బిగించి, గోడకి తగలకుండా మధ్యలో పట్టుకుంటాం. అదేమో కుదురుగా ఉండదు. మెలికలు తిరిగి గోడకి కొట్టుకుని ఆరిపోతుంది. ప్రపంచంలోని పెద్ద పెద్ద మిషన్లన్నిటికీ ఉన్న తగువు ఇదే.

మాది పెద్దది కాదు. మనిషి పొడుగు గాజుగొట్టం, దాని చుట్టూ రాగితీగ చుట్లు, పక్క గదిలో వరసగా కెపాసిటర్లు. బటన్ నొక్కగానే వాటిలో దాచిన కరెంటంతా ఒక్కసారి తీగలోకి పోతుంది. గొట్టంలో గులాబీ రంగు మెరుపు ఒకటి వచ్చి రెప్పపాటులో పోతుంది. దాన్ని షాట్ అంటాం. అందులో ఫ్యూజన్ జరిగేంత వేడి రాదు, ప్లాస్మాని పట్టుకునే విద్య నేర్చుకోవడానికే ఆ మిషను.

న్యూస్ పేపర్లలో బొమ్మలు చూసి సూర్యుణ్ణి తెద్దామని వచ్చేవాళ్లకి మేం మొదట చేతికిచ్చేది స్పానర్. ఈ పనిలో ముప్పాతిక వంతు లీకులు వెతుక్కోవడమే. గొట్టంలోని గాలంతా పంపుతో తోడేయాలి, ఎక్కడో సన్నటి సందులోంచి మళ్లీ వస్తూనే ఉంటుంది. చేరిన కొత్తలో ఒక లీకు కోసం నెల రోజులు వెతికాను. ప్రతి జాయింటూ విప్పాను, బిగించాను. ఆఖరికి మా టెక్నీషియన్ పైడిరాజు జాయింటు మధ్య గాలి ఆపే రబ్బరు రింగు ఒకటి తీసి వెలుతురుకి పెట్టి చూశాడు. దాని మీద అడ్డంగా ఒక పొడుగాటి వెంట్రుక. ఆ గదిలో అంత పొడుగు జుట్టు నాకొక్కదానికే ఉంది.

"మేడం, రేపట్నుంచి ముడేసుకు రండి" అన్నాడు పైడిరాజు, నవ్వకుండా.

మిగతా డిపార్ట్‌మెంటంతా నవ్వింది. ఏడాదిపాటు నా పేరు జడ మేడం. ఇప్పుడు తలుచుకుంటే నాకూ నవ్వే వస్తుంది కానీ అప్పుడు రాలేదు. ఇంకెప్పుడూ వీళ్ల నోళ్లలో పడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. నా వృత్తిలో నేను చేసిన అసలు తప్పు ఆ ఒట్టే.

పైడిరాజు గురించి ఒక మాట. చదువు పదో తరగతి. కాంట్రాక్టు ఉద్యోగం, ఏడాదికోసారి పొడిగింపు. పంపు శబ్దం విని దేనికి జబ్బు చేసిందో చెప్పేవాడు. మిషను మీది రాగితీగంతా అతను చేత్తో చుట్టిందే. మాలో ఎవరు లేకపోయినా మిషను నడిచేది, పైడిరాజు లేకపోతే నడిచేది కాదు.

సన్యాసిరావు గారు

మా హెడ్ సన్యాసిరావు గారిది పాతపట్నం. ఎంత చదివినా, ఎన్ని దేశాలు తిరిగినా ఆయన మాట మాత్రం ఊరిది. శనివారం మధ్యాహ్నం సెమినార్ పెట్టేవారు. టీ, వేడి బజ్జీలు, ఎవరో ఒకరు నల్లబల్ల దగ్గర. వాళ్లు సగంలో ఉండగానే ఆయన అడిగేవారు: "బాగున్నాది. ఎవులు సెప్పారమ్మా ఇది?"

ఆ ప్రశ్నకి ఒక పేరు చెప్పాలి. పత్రిక పేరు, సంవత్సరం చెప్పాలి. దూరదేశం పేరైతే మరీ మంచిది. చెప్పలేకపోతే పక్కనే ఉన్న రమణమూర్తి అందుకునేవాడు. అతను నా ఈడువాడే, తెలివైనవాడు, నాలుక పదును. "ఓహో, సొంత సరుకా" అనేవాడు. బజ్జీ ప్లేటు దాకా నవ్వు పాకేది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారే, మా శనివారాలు అచ్చం అలాగే నడిచేవి.

అయితే సన్యాసిరావు గారిది వట్టి వెటకారం కాదు. పేరు అడగడం వెనక ఆయనకొక నియమం ఉండేది. ఎవరి ఆలోచన వాళ్లకి చెందాలి. ఒకసారి మా పరిశోధన పేపరు ఒకటి అచ్చుకి ఒప్పుకున్నాక, లెక్కలు వేసిన విద్యార్థి పేరు అందులో లేదని తెలిసి వెనక్కి తెప్పించారు. ఎనిమిది నెలలు ఆలస్యమైంది. "ఒకడి ఆలోచన పేరు సెప్పకుండా రాసుకుంటే అది దొంగతనమే. కోడిని దొంగిలించినా అంతే, మాటని దొంగిలించినా అంతే" అన్నారు. అంత మంచి బాసు దగ్గర పనిచేయడం నా అదృష్టం. ఆయనంటే భయం కూడా నిజమే.

రామభద్రపురం దగ్గర

ఒక ఆదివారం సాలూరులో అమ్మని చూసి తిరిగొస్తుంటే బస్సు దొరకలేదు. మా తమ్ముడు దావీదు మొక్కజొన్న లోడుతో విశాఖపట్నం వైపు బయలుదేరుతున్నాడు. లారీ ఎక్కాను. నాన్న తర్వాత లారీ వాడిదే.

రామభద్రపురం దాటకముందే రోడ్డు పక్కన ఆపి దిగాడు. క్లీనరూ తనూ కలిసి లోడు మీది తాళ్లన్నీ విప్పేశారు.

"అదేంట్రా, సాలూర్లో గంటసేపు కట్టారు కదా?"

"అది ఒట్టి కట్టే, అప్పా. అసలు కట్టు ఇక్కడ." మా వైపు అక్కని అప్పా అంటారు.

"అదేదో అక్కడే గట్టిగా బిగిస్తే పోయేది కదా."

వాడు నన్ను జాలిగా చూశాడు. "ఏటప్పా, ఇంత సదువుకున్నావు. మొదటే సచ్చీలాగ బిగించీసేమనుకో, బస్తాలు సర్దుకోడానికి సోటుండదు. ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం, అలాగే ఉండిపోతాది. ఎక్కడో గోతిలో సక్రం పడ్డాదంటే ఆ ఎత్తుమీదున్న బస్తా తాడు తెంపుకుని పోతాది. అందుకని కూసింత బిగించి పోనిస్తాం. పది పదిహేను కిలోమీటర్లు కుదుపులు తగిలితే బస్తాలే వాటి సోటు అవి ఎతుక్కుంటాయి. అప్పుడు తాడు ఒగ్గీసి మళ్లీ కడితే, ఇంక అది కదల్దు."

చిన్నప్పట్నుంచీ చూస్తున్న పనే. నాన్న కూడా అక్కడే ఎక్కడో ఆపేవాడు. అది టీ కోసమనుకునేదాన్ని.

మళ్లీ లారీ ఎక్కాక నా మనసు మిషను మీదికి పోయింది. మేం మా ప్లాస్మాని మొదటి క్షణం నుంచీ వీలైనంత వేగంగా, వీలైనంత గట్టిగా బిగిస్తున్నాం. ప్రపంచంలో చాలామంది చేస్తున్నదీ అదే. అది ఎగుడుదిగుడుగా ఉండగానే బిగిస్తున్నాం, ఆ ఎగుడుదిగుడే పెరిగి మెలికై తెంపుకుపోతోంది. సగం బిగించి, కాస్త వదిలి, అది తన రూపం తాను వెతుక్కున్నాక మళ్లీ బిగిస్తే? వదిలేస్తే ప్లాస్మా కొంత మెలికతో తనంతట తాను ఒక కుదురుకి వస్తుందని సిద్ధాంతం ఉండనే ఉంది. దాన్ని బిగింపు మధ్యలో వాడుకోవచ్చన్నది నాకు తట్టిన సంగతి. నా బతుకులో అంత సంతోషంగా ఉన్న ప్రయాణం ఇంకొకటి లేదు.

రెండేళ్లు నోరు విప్పలేదు

ఇంటికెళ్లి లెక్కలు మొదలుపెట్టాను. కొన్ని వారాలకి తేలిందేమిటంటే, ఇది తప్పు అని నిరూపించలేకపోయాను. ఒప్పు అని కూడా చెప్పలేను. మధ్యలో ఆగితే ప్లాస్మా చల్లారిపోతుంది. చల్లారేలోగా సర్దుకుంటుందా లేదా అన్నది షాట్ వేసి చూస్తేనే తెలుస్తుంది.

దానికి కావలసింది చిన్న మార్పు. కెపాసిటర్లని రెండు భాగాలుగా విడగొట్టి, మొదటి సగం వదిలాక కాస్త ఆగి రెండో సగం వదలాలి. పైడిరాజుకి వారం పని. ఆ వారం అడగడానికి నాకు రెండేళ్లు పట్టింది, అదీ సరిగ్గా అడగలేదు.

ప్రతి శనివారం నోట్‌బుక్ పట్టుకెళ్లేదాన్ని. ప్రతి శనివారం దాన్ని సంచిలోంచి తీయకుండా తెచ్చేదాన్ని. "ఎవులు సెప్పారమ్మా" అని ఆయన అడిగితే ఏం చెప్పాలి? సాలూరు లారీ డ్రైవరు దావీదు చెప్పాడనా? రమణమూర్తి మొహం కళ్ల ముందు కనబడేది. మిగతావాళ్లనైతే ఒకసారి నవ్వి మర్చిపోతారు. నేను అక్కడికి లారీ డ్రైవరు కూతురిగానే వచ్చాను, ఆ సంగతి మర్చిపోయేలా చెయ్యడానికి ఇరవై ఏళ్లు కష్టపడ్డాను. సిగ్గుపడ్డాను. ఎవరి కష్టంతో చదువుకున్నానో వాళ్ల పనిని చూసి సిగ్గుపడ్డాను. ఈ వాక్యం రాయడం తేలిక కాదు కానీ రాయకపోతే ఈ వ్యాసం దండగ.

అంతలో యాజమాన్యం కబురు పంపింది. మిషను ఉన్న గదులు కంప్యూటర్ ల్యాబుకి కావాలి. ఏళ్ల తరబడి కొత్త ఫలితం ఏదీ లేదు కాబట్టి విద్యాసంవత్సరం చివరికి మిషను విప్పేయాలి. ఈలోగా చెప్పుకోదగ్గ పేపరు ఒకటి వస్తే ఆలోచిస్తాం అన్నారు. మిషను పోతే మాకు పాఠాలుంటాయి, జీతాలుంటాయి. పైడిరాజుకి మాత్రం ఉద్యోగం ఉండదు. అందరికీ తెలుసు, అతనికీ తెలుసు. అతను రోజూ పంపుకి నూనె పోస్తూనే ఉన్నాడు.

ఆ శనివారం

ఇక లాభం లేదని లేచాను. నల్లబల్ల మీద బొమ్మ వేశాను: సగం బిగింపు, విరామం, మళ్లీ బిగింపు. రమణమూర్తి బజ్జీ మధ్యలో ఆపి, "మధ్యలో వదిలేస్తారా? ఉన్నది కూడా పోతుంది మేడం" అన్నాడు.

సన్యాసిరావు గారు కళ్లజోడు తీశారు. "సల్లారిపోతాది కదమ్మా. ఎవులు సెప్పారిది?"

నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "ఒక పాత రష్యన్ పేపరు సార్."

ముందే అనుకుని చెప్పిన అబద్ధం కాదు. కానీ అంతకన్నా పనికొచ్చే అబద్ధం ఇంకొకటి లేదు. మా రంగంలో పాతకాలపు రష్యన్లు చేయని పని లేదని పేరు. సగం పేపర్లు ఇంగ్లీషులోకి రానేలేదు. ఎవరూ చదవలేదు, అందరూ నమ్ముతారు.

"అదీ సంగతి" అన్నాడు రమణమూర్తి. "వాళ్లు ఇలాంటివి చేస్తారు." లేచి వచ్చి నా బొమ్మలో విరామం ఎంతసేపు ఉండాలో చర్చించడం మొదలుపెట్టాడు. నిమిషం క్రితం పోతుందన్నవాడే.

సోమవారం పైడిరాజు పని ఎత్తుకున్నాడు. శుక్రవారానికి రెండు భాగాలు సిద్ధం. మొదటి పదిహేను షాట్లూ దండగ. విరామం మారుస్తూ పోయాం. ఆ తర్వాత ఒక షాట్‌లో స్కోపు తెర మీద, ప్లాస్మా ఎంతసేపు నిలిచిందో చూపే గీత ఎప్పుడూ పడిపోయే చోట పడిపోలేదు. ఇంకాస్త దూరం సాగి అప్పుడు పడింది. మళ్లీ వేశాం, మళ్లీ సాగింది. రెట్టింపు కాలం కాదు, అద్భుతమూ కాదు. కానీ నిజం. పైడిరాజు స్కోపు వైపు చూసి, నా వైపు చూసి, "నిలబడ్డాది మేడం" అన్నాడు. అతని కళ్లలో నీళ్లు చూడటం అదే మొదలు.

తేలు కుట్టిన దొంగ

సన్యాసిరావు గారు పది రోజుల్లో పేపరు రాశారు. చక్కగా రాశారు. ఒక్క ఖాళీ మాత్రం ఉంచారు. "అమ్మా, ఆ రష్యావోళ్ల పేరు, పత్రిక, ఏడాది ఇక్కడ రాయాల. బేగి ఇచ్చీ."

"వెతుకుతున్నాను సార్" అన్నాను.

వారం తర్వాత మళ్లీ అడిగారు. ఎక్కడో లైబ్రరీలో జిరాక్సు చూశానన్నాను. ఆయన తనకి తెలిసిన నాలుగు ల్యాబులకి ఉత్తరాలు రాశారు. అక్కడి పెద్దలు పాపం రష్యన్ సంచికలు తిరగేశారు. లేనిదాన్ని వెతకడంలో ఎంతమంది కష్టపడ్డారో తలుచుకుంటే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది.

"పేరు లేకుండానే పంపేద్దాం సార్, టైం లేదు" అన్నాడు రమణమూర్తి.

"ఎలా పంపుతావయ్యా? ఎవుడో రష్యావోడు బుర్ర బద్దలుకొట్టుకుని ఆలోసించినది, మనదని రాసుకుంటామా? నేను సంతకం పెట్టను."

ఆ గదిలోనే ఉన్నాను. అది నాది సార్ అంటే చాలు, ఖాళీ నిండిపోయేది. కానీ ఆ మాటంటే అబద్ధమూ బయటపడుతుంది. అబద్ధం చెప్పినదాని కొలతలు కూడా అబద్ధమేమో అంటారు. ముందు లారీకి సిగ్గుపడ్డాను, ఇప్పుడు అబద్ధానికి. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఎవరి పేరు లేకుండా పోతుందోనని ఆయన పేపరు ఆపారో ఆ మనిషిని నేనే, ఆయన ఎదురుగానే ఉన్నాను.

పేపరు వెళ్లలేదు. వేసవిలో మిషను విప్పారు. విప్పింది పైడిరాజే, వేరెవరికి తెలుసు గనక? ప్రతి బోల్టూ డబ్బాల్లో వేసి పేర్లు రాసిపెట్టాడు, మళ్లీ ఎప్పుడైనా బిగిస్తారేమోనని. ఆ డబ్బాలు పాతసామాన్ల వాడు ఎత్తుకుపోయాడు.

ఆలస్యంగా

రిటైరయ్యే ముందు సంవత్సరం ఒక పత్రికలో ఒక పేపరు చూశాను. వేరే దేశం, పెద్ద మిషను. విరామం పెట్టి రెండుసార్లు బిగించారు. మా కన్నా బాగా చేశారు. వాళ్లు ఎవరి దగ్గరా తీసుకోలేదు, వాళ్లకి వాళ్లుగా తట్టింది. నాకు కోపం రాలేదు. ఆలోచన మంచిదేనని తెలిసి మొదట సంతోషం వేసింది, ఆ తర్వాత ఆ రోజంతా అన్నం తినలేకపోయాను.

పాతపట్నం బస్సెక్కాను. సన్యాసిరావు గారు వాకిట్లో కుర్చీ వేసుకుని ఉన్నారు. ఉన్నదంతా చెప్పాను, లారీతో సహా.

"నేను నవ్వుతానని బయపడ్డావా?"

"అవును సార్."

"నవ్వీవోణ్ణే" అన్నారు. "ఆ రోజు కడుపుబ్బా నవ్వీవోణ్ణి. మర్నాడు పైడిరాజుని పిలిసి సేయించీవోణ్ణి. నేనెప్పుడైనా నవ్వి ఊరుకున్నానా అమ్మా?"

గుర్తు చేసుకుంటే నిజమే. ఆయన ఏ ఆలోచననీ నవ్వి వదిలేయలేదు. సొంత సరుకు అని రమణమూర్తి వెక్కిరించిన వాటిలో నాలుగైదు మా ల్యాబులో చేసి చూశాం. కొన్ని పోయాయి, కొన్ని నిలిచాయి. నవ్వు ఒక్కటే నాకు వినబడింది, ఆ తర్వాత జరిగింది నేను లెక్కలోకి తీసుకోలేదు. కొలతలతో బతికేదాన్ని, ఇది కొలవలేదు.

"నాకు కాదు సెప్పాల్సింది" అన్నారు ఆయన, నేను లేస్తుంటే.

పైడిరాజు విజయనగరంలో మోటార్ వైండింగ్ కొట్టు పెట్టుకున్నాడు. పంపుసెట్లు, మిక్సీలు, ఫ్యాన్లు. నేను వెళ్లేసరికి కింద కూర్చుని ఒక ఫ్యాను కాయిల్ చుడుతున్నాడు. జుట్టు నెరిసింది. తలతోనే కూర్చోమని సైగ చేశాడు. స్టూలు మీద కూర్చుని, ధైర్యం పోకముందే మొత్తం చెప్పేశాను. రష్యన్ పేపరు లేదని, నేను నోరు విప్పి ఉంటే పేపరు వెళ్లేదని, మిషను ఉండేదేమోనని. అతను తీగ మీద నుంచి కళ్లు ఎత్తలేదు. పెదాలు కదులుతున్నాయి.

చుట్టడం అయ్యాక తీగ కత్తిరించి, ముడివేసి, చేతులు తుడుచుకున్నాడు.

"ఇప్పుడు సెప్పండి మేడం. సుట్లు లెక్కెడతన్నాను, మీరన్నది సరిగ్గా ఇనలేదు."

మళ్లీ చెప్పాను. ఈసారి చుట్టూ తిప్పకుండా చెప్పాను. "ఆ ఆలోచన నాదే పైడిరాజూ. రష్యావాళ్లది కాదు. ఆ సంగతి చెప్పనందుకే పేపరు ఆగింది, మిషను పోయింది, నీ ఉద్యోగం పోయింది."

కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండుననుకున్నాను.

"మరెందుకు సెప్పలేదు?"

"నవ్వుతారని."

"ఎవులు?"

"అందరూ."

పైడిరాజు కాయిల్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టాడు. గొంతు పెంచలేదు.

"నవ్వితే ఏటవుతాది మేడం?" అన్నాడు.

నిజంగా తెలియకే అడిగాడు. జవాబు కోసం నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు.